ముఫ్త్ టికెట్టుకి కిరాయి ఎవరు కడుతున్నారు?

"భాయ్, ట్రావెల్ పాయింట్లొచ్చే క్రెడిట్ కార్డు తీసుకుందామనుకుంటున్నా. రెండు మూడు చూశా. ఏది బెహతర్?"

రెండు మూడేళ్లుగా ఈ సవాల్ నన్ను వదలడం లేదు. సవాల్ అంటే ఇక్కడ ఉర్దూ మాయనాలోనే, ప్రశ్న అని. పేపర్లో పనిచేస్తావు కదా, నీకు తెలిసుంటుందని అడుగుతారు. దుబాయ్‌లో కొడుకున్న రిటైర్డ్ టీచర్ సాబ్ అడుగుతారు. టోలీచౌకీ సాఫ్ట్‌వేర్ నౌజవాన్ అడుగుతాడు. కర్నూల్లో మెడికల్ షాపు నడిపే మా బంధువుల కుర్రాడు అడుగుతాడు. అందరి దిల్లో ఒకటే ఖాహిష్: పాయింట్లు జమ చేసి అమ్మీ అబ్బాని ఉమ్రాకి పంపాలి. యూట్యూబ్‌లో ఎవరో చెప్పారట, 'ఫ్రీ'గా పంపొచ్చని.

నియ్యత్ మీద నాకు ఎతరాజ్ లేదు. తల్లిదండ్రులకి కాబా చూపించాలనుకునే ఔలాద్‌కి ఎవరైనా దువా చేస్తారు. నా ఎతరాజ్ ఆ 'ఫ్రీ' అనే లఫ్జ్ మీద. దోస్తో, సాఫ్‌గా చెప్తున్నా వినండి. మనలాంటి జీతం బతుకుల ఖాందాన్లలో ఎక్కువమందికి ట్రావెల్ కార్డు నుఖ్సాన్ బేరం. నఫా వచ్చే ఆ కొద్దిమందికి కూడా, అది ఎవరి జేబులోంచి వస్తోందో తెలిస్తే ఆ టికెట్టు చేతిలో పట్టుకోవడానికి మనసొప్పదు. ఏ కార్డు బెహతర్ అని అడిగేముందు ఈ పైసా ఎక్కడిది అని అడగాలి. ఇంట్లో కొడుకు జేబులో లెక్కకి మించిన నోటు కనిపిస్తే మన అమ్మీలు మొదట అడిగేది అదే కదా.

పైసా ఎక్కడిది?

బ్యాంకు ఖైరాత్ చేయదు. పాయింట్ల పైసా మూడు జేబుల్లోంచి వస్తుంది.

మొదటి జేబు దుకాన్‌దార్‌ది. మీరు వెయ్యి రూపాయల సామాను కొని క్రెడిట్ కార్డు గీకితే ఆయన ఖాతాలో వెయ్యి పడదు. ఎండీఆర్ పేరుతో కొంత కట్ అవుతుంది. కార్డుని బట్టి, దుకాణాన్ని బట్టి సుమారు ఒకటి నుంచి మూడు శాతం దాకా. అందులో పెద్ద హిస్సా కార్డిచ్చిన బ్యాంకుకి పోతుంది, అందులోంచి ఒక చిటికెడు మీకు పాయింట్లుగా వస్తుంది. బ్యాంకు ఖాతాలోంచి యూపీఐ చేస్తేనో, రూపే డెబిట్ కార్డు వాడితేనో 2020 జనవరి నుంచి దుకాన్‌దార్‌కి ఈ కోత లేదు. చిన్న దుకాణంలో కార్డు తీయగానే "సాబ్, ఫోన్‌పే కొట్టండి, లేదంటే రెండు పర్సెంట్ ఎక్స్‌ట్రా" అనేది అందుకే. ఆయన్ని మనం కంజూస్ అనుకుంటాం. ఆయన తన మార్జిన్ కాపాడుకుంటున్నాడు. పెద్ద షోరూముల వాళ్లు అలా అడగరు, ఆ కోతని ధరలోనే కలిపేస్తారు. అప్పుడు నోట్లు లెక్కబెట్టి ఇచ్చే కుట్టుపని ఖాలా కూడా మీ పాయింట్లకి చందా కడుతున్నట్టే. ఆమెకి పాయింట్లూ రావు, లౌంజూ రాదు.

రెండో జేబు, బాకీ పూర్తిగా కట్టలేని వాడిది. దాని సంగతి కింద వివరంగా చెప్తా.

మూడో జేబు మీదే. సాలానా ఫీజు, దాని మీద జీఎస్టీ, విదేశీ కరెన్సీ మీద మార్కప్, ఈఎంఐ ప్రాసెసింగ్, లేట్ ఫీజు. కుడిజేబులోంచి తీసి ఎడమజేబులో వేసి "ముబారక్" అంటే మనం శుక్రియా చెప్పి వస్తున్నాం.

ఇది నా ఖయాల్ మాత్రమే అనుకోకండి. అమెరికాలో బోస్టన్ ఫెడరల్ రిజర్వ్ బ్యాంకు ఆర్థికవేత్తలు 2010లో లెక్క కట్టారు. ధరల్లో కలిసిపోయే ఈ కోత వల్ల నగదు వాడే ఒక సగటు కుటుంబం ఏడాదికి 149 డాలర్లు పోగొట్టుకుంటోందని, కార్డు వాడే కుటుంబానికి 1,133 డాలర్లు కలిసొస్తోందని. 2023లో ఐఎంఎఫ్, ఫెడరల్ రిజర్వ్ ఆర్థికవేత్తల ఇంకో పత్రం వచ్చింది. అది కార్డులు వాడేవాళ్ల మధ్యే చూసింది. హిసాబ్ తెలియని వాళ్ల నుంచి తెలిసిన వాళ్లకి ఏడాదికి 1,500 కోట్ల డాలర్లు చేతులు మారుతున్నాయని తేల్చింది. తక్కువ చదువున్న వాళ్ల నుంచి ఎక్కువ చదువున్న వాళ్లకి, గరీబుల నుంచి అమీరులకి, మైనారిటీలు ఎక్కువున్న ఇలాకాల నుంచి తక్కువున్న ఇలాకాలకి పోతోందట. అమెరికా లెక్క ఇక్కడ హూబహూ అతకదు, మనకి యూపీఐ ఉంది. కానీ మెషీను అదే, కంపెనీలు అవే, సూత్రం కూడా అదే. ఆఖరి మాట ఇంకోసారి చదవండి. మైనారిటీ ఇలాకాల నుంచి. మనం ఎటువైపున్నామో చెప్పాలా?

సూద్ అని రాయరు

ఉర్దూ మీడియం బడిలో మాకు లెక్కల క్లాసులో రెండు మాటలు నేర్పారు: సాదా సూద్, సూద్-ఎ-మురక్కబ్. డిగ్రీలో తెలుగుకొచ్చాక వాటినే బారువడ్డీ, చక్రవడ్డీ అన్నారు. ఏ జుబాన్‌లో చెప్పినా వినగానే వెన్నులో కాస్త చలి పుట్టేది. తెలుగులో లెక్కల పుస్తకం తెరిస్తే సగం మాటలు మన వైపు నుంచి వచ్చినవే. జమ, ఖర్చు, బాకీ, వసూలు, కిస్తీ, జప్తు, జామీను. రైతుకైనా వ్యాపారికైనా ఈ మాటల బరువు తెలుసు. జప్తు అంటే ఇంట్లో బిందెలు కూడా పోతాయని తెలుసు.

ఇప్పుడు మీ కార్డు స్టేట్‌మెంట్ చూడండి. సూద్ లేదు, వడ్డీ లేదు. 'ఫైనాన్స్ ఛార్జెస్' ఉంది. బాకీ లేదు, 'టోటల్ అమౌంట్ డ్యూ' ఉంది. దాని పక్కనే లావు అక్షరాల్లో 'మినిమం అమౌంట్ డ్యూ'. కర్జ్‌కి ఇంత షరీఫ్ లిబాస్ తొడిగితే ఎవరు భయపడతారు? "ఇంత కడితే చాలు" అని బ్యాంకే రాసిందిగా, అనుకుంటారు.

చాలో లేదో చూద్దాం. చాలా కార్డుల మీద సూద్ నెలకి 3.5 నుంచి 3.75 శాతం. ఏడాదికి 42 నుంచి 45. పల్లెల్లో నూటికి మూడు రూపాయల వడ్డీకిచ్చే వాడిని మనం రక్తం తాగుతాడని తిడతాం. ఇది అంతకంటే ఎక్కువ, పైగా ఏసీ గదిలోంచి వస్తుంది. లక్ష రూపాయల బాకీ మీద నెలకి 3.75 శాతం అంటే 3,750. ఆ సూద్ మీద 18 శాతం జీఎస్టీ 675. మొత్తం 4,425. మినిమం డ్యూ కింద 5 శాతం, అంటే 5,000 కట్టారనుకోండి. అసలు తగ్గింది 575 రూపాయలు. ఐదు వేలు కట్టినవాడు ఐదు వేలు తగ్గిందనుకుని నిద్రపోతాడు. ఒక్కసారి బాకీ మిగిలితే కొత్త కొనుగోళ్ల మీద సూద్-లేని రోజులు కూడా పోతాయి. ఆ నెల కొన్న పాలప్యాకెట్టు మీద కూడా గీకిన రోజు నుంచే మీటర్ తిరుగుతుంది.

అదాలత్ ఆపదా అంటారేమో. 30 శాతం కంటే ఎక్కువ సూద్ వసూలు చేయడం అన్యాయమైన వ్యాపార పద్ధతి అని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో చెప్పింది. 2024 డిసెంబర్ 20న సుప్రీంకోర్టు ఆ తీర్పుని కొట్టేసింది. రేట్ల సంగతి రిజర్వ్ బ్యాంకు చూసుకోవాలి, కమిషన్‌కి ఆ ఇఖ్తియార్ లేదంది. ఆర్‌బీఐ 2022లో ఇచ్చిన డైరెక్షన్లలో కొన్ని మంచి మాటలు ఉన్నాయి: అడక్కుండా కార్డు ఇవ్వకూడదు, మినిమం డ్యూ కడుతూ పోయినా బాకీ పెరిగేలా లెక్క ఉండకూడదు, కార్డు మూసేయమని అడిగితే బాకీ లేనప్పుడు ఏడు పనిదినాల్లో మూసేయాలి, లేకపోతే రోజుకి 500 చొప్పున కస్టమర్‌కి కట్టాలి. కానీ సూద్ ఇంతకి మించొద్దని అంకె మాత్రం రాయలేదు.

ఈ 45 శాతం కట్టేవాడే మీ బిజినెస్ క్లాసు సీటుకి స్పాన్సర్. ఆయన ఎవరో మీకు తెలుసు. బేటీ షాదీకి గీకినవాడు, హాస్పిటల్ కౌంటర్లో గీకినవాడు, ఉద్యోగం పోయిన రెండు నెలలు కిరాణా గీకినవాడు.

సరే, హిసాబ్ చేద్దాం

జమీర్ సంగతి కాసేపు పక్కన పెడదాం. ఖాలిస్ నఫా-నుఖ్సాన్ చూద్దాం.

కార్డు మీద నెలకి 25,000 ఖర్చు పెట్టే ఖాందాన్ అనుకుందాం. ఏడాదికి మూడు లక్షలు. ఒక పక్క సాలానా ఫీజు 5,000 ఉన్న ట్రావెల్ కార్డు. వందకి రెండు పాయింట్లు, వాటిని విమాన కంపెనీకి మారిస్తే రెట్టింపు మైళ్లు. బాగా పేరున్న కార్డుల తరహా ఇదే. మూడు లక్షలకి 6,000 పాయింట్లు, 12,000 మైళ్లు. ఎకానమీ టికెట్టుకి వాడితే మైలుకి యాభై పైసలు దక్కిందనుకున్నా 6,000 రూపాయలు. ఫీజు జీఎస్టీతో కలిపి 5,900. ఏడాదంతా గీకి గీకి, యాప్‌లు చూసి చూసి, మిగిలింది వంద రూపాయలు. ఇరానీ హోటల్లో నలుగురు దోస్తులకి చాయ్, ఉస్మానియా బిస్కెట్లు.

ఇంకో పక్క సాలానా ఫీజు లేని కార్డు, ఖర్చు మీద రెండు శాతం దాకా వెనక్కి. అవే మూడు లక్షలకి 6,000. ఫీజు సున్నా. హిసాబ్ ఖతమ్.

పాయింట్ల యూట్యూబర్లు ఇక్కడ "మైలుకి రెండు రూపాయలు తీయొచ్చు" అంటారు. తీయొచ్చు. బిజినెస్ క్లాసులో, ఏడాది ముందు బుక్ చేసుకుని, తారీఖులు వాళ్లు చెప్పినట్టు మార్చుకుని. మీరు బిజినెస్ క్లాసు టికెట్టు సొంత పైసాతో ఎప్పుడైనా కొంటారా? కొననిదాని ధరతో లెక్క కట్టి లక్ష మిగిలిందనడం షేక్‌చిల్లీ హిసాబ్.

పైగా ఆ మూడు లక్షలకీ పాయింట్లు పడతాయన్న గ్యారంటీ ఏది? ఇంటి కిరాయి, పెట్రోల్, వాలెట్ లోడింగ్, బంగారం, ఇన్సూరెన్స్, కరెంటు బిల్లు, స్కూలు ఫీజు... ఒక్కో బ్యాంకు వీటిలో కొన్నిటిని తీసేసింది, కొన్నిటికి హద్దు పెట్టింది. మన ఇళ్లల్లో పైసా పోయేది వీటికే. పాయింట్లు దండిగా వచ్చేది హోటళ్లకి, ఫ్లైట్లకి. ఎప్పుడూ ఎగిరే వాడికి ఎగరడానికి ఇనామ్ ఇచ్చే స్కీమ్ ఇది. ఎగరని వాడు ఎగరడం కోసం ఖర్చు పెంచుకుంటాడు. "ఇంకో 40,000 గీకితే మైలురాయి బోనస్" అని యాప్ గుర్తుచేస్తుంది. పాత ఫ్రిజ్ బాగానే ఉన్నా కొత్తది ఇంటికొస్తుంది.

మైళ్ల విలువ ఎవరి చేతుల్లో ఉంది అనేది ఇంకో సంగతి. యాక్సిస్ వాళ్ల మాగ్నస్ కార్డుని ఒకప్పుడు పాయింట్ల దునియాలో బాద్షా అన్నారు. నెలకి లక్ష ఖర్చు పెడితే 25,000 బోనస్ పాయింట్లు. 2023 సెప్టెంబర్ 1 నుంచి ఆ బోనస్ ఎత్తేశారు. ఐదు పాయింట్లకి నాలుగు మైళ్లు వచ్చేది రెండుకి దించారు. ఫీజు 10,000 నుంచి 12,500కి పెంచారు. చట్టవిరుద్ధం ఏమీ కాదు, షరతుల్లో ముందే రాసుకున్నారు. విస్తారా పేరున్న కార్డులు జేబులో పెట్టుకున్న వాళ్లకి 2024 నవంబర్ 12న ఆ విమాన కంపెనీయే ఎయిర్ ఇండియాలో కలిసిపోయింది. ఎయిర్‌పోర్టు లౌంజ్ అంటారా, గడిచిన మూడు నెలల్లో ఇంత గీకితేనే లోపలికి అని ఒక్కొక్క బ్యాంకు షరతు పెట్టింది. ప్లేటు ఇడ్లీ, ఉప్మా కోసం డెబ్బై ఐదు వేల ఖర్చు చూపించాలి. మీ జేబులో రూపాయి విలువ తగ్గించాలంటే దేశం మొత్తం మీద గొడవ అవుతుంది. మీ పాయింటు విలువ సగం చేయడానికి ఒక ఈమెయిల్ చాలు.

ఉమ్రా మాట

ఇప్పుడు అసలు ఖాహిష్ దగ్గరికి వద్దాం. హైదరాబాద్ నుంచి జెద్దాకి మైళ్లతో టికెట్టు దొరకదా? దొరుకుతుంది. కానీ ఒక్కో ఫ్లైట్‌లో మైళ్లకి వదిలే సీట్లు కొన్నే. రంజాన్‌లో, స్కూలు సెలవుల్లో నలుగురికి కలిపి అడిగి చూడండి. సీటు దొరికినా పన్నులు, కొన్ని కంపెనీల సర్‌ఛార్జీలు రూపాయల్లో కట్టాలి. అమ్మీ అబ్బాలకి ఒంటరిగా ఫ్లైట్ మారడం కష్టం, గ్రూపుతో పంపుదామంటే ట్రావెల్స్ వాళ్లు టికెట్టు, వీసా, హోటల్, ఖానా అన్నీ కలిపి ప్యాకేజీ ఇస్తారు. అందులో మీ మైళ్లకి చోటు లేదు. కార్డు మీద కడతానంటే రెండు శాతం అదనం అడుగుతారు. లక్ష ప్యాకేజీకి రెండు వేలు ఇచ్చి, రెండు వేల పాయింట్లు తెచ్చుకున్నట్టు.

అక్కడికి చేరాక ఇంకో ఫరేబ్. మామూలు కార్డు విదేశంలో గీకితే 3.5 శాతం ఫారెక్స్ మార్కప్, దాని మీద జీఎస్టీ. లక్ష రూపాయల విలువైన రియాళ్లు ఖర్చు చేస్తే 3,500, జీఎస్టీ 630, మొత్తం 4,130. వందకి రెండు చొప్పున వచ్చే పాయింట్లు రెండు వేలు. అంటే ట్రావెల్ కార్డు పేరుతో పోయి, ట్రావెల్‌లోనే నుఖ్సాన్. ఖజూర్ల దుకాణంలో మెషీను "రూపాయల్లోనా, రియాళ్లలోనా?" అని అడుగుతుంది. మన రూపాయి కనిపించగానే అమ్మీకి ధైర్యం వచ్చి రూపాయలు నొక్కుతుంది. ఆ మార్పిడి రేటు మెషీను వాడు పెట్టుకున్నది, మీకు గిట్టదు. దాని మీద కొన్ని బ్యాంకులు మళ్లీ ఇంకో శాతం వేస్తాయి. రియాళ్లే నొక్కమని పంపేముందే పదిసార్లు చెప్పండి. ఏటీఎంలో క్రెడిట్ కార్డుతో నగదు తీయొద్దని ఇరవైసార్లు చెప్పండి, అక్కడ ఒక్క రోజు గడువు కూడా ఉండదు, తీసిన క్షణం నుంచి సూద్.

పాయింట్లు చాలక "ముందు కార్డు మీద పోయొద్దాం, తర్వాత ఈఎంఐలో కడదాం" అనే వాళ్లు కూడా తయారయ్యారు. జనాబ్, హజ్ ఫర్జ్ అయ్యేదే ఇస్తితాఅత్ ఉన్నవాడి మీద. తాహతు లేనివాడి మీద బరువు వేయలేదు. ఉమ్రా హనఫీల దగ్గర సున్నత్. ఫర్జ్‌కే తాహతు షర్త్ అయినప్పుడు, సున్నత్ కోసం 45 శాతం కర్జ్‌లో దిగమని ఎవరు చెప్పారు? ఎహ్రామ్ తెల్లగా ఉండి దాని కింద నెలవారీ సూద్ నడుస్తుంటే ఆ సఫర్‌కి ఏం పేరు పెట్టాలో మీరే చెప్పండి.

మౌలానాలతో రెండు మాటలు

నేను ఆలిమ్‌ని కాను, ఫత్వా ఇవ్వను. ఓఐసీ ఇంటర్నేషనల్ ఫిఖ్ అకాడమీ 2000 సెప్టెంబర్‌లో రియాద్‌లో కూర్చుని ఒక తీర్మానం చేసింది. ఆలస్యమైతే సూద్ కట్టాలన్న షర్త్ ఉన్న క్రెడిట్ కార్డు, గడువులోపే కట్టేస్తానన్న నియ్యత్ ఉన్నా సరే, జాయిజ్ కాదంది. కార్డు ఇచ్చినందుకు ఫిక్స్‌డ్ ఫీజు, వ్యాపారి దగ్గర కమీషన్ తీసుకోవచ్చంది. గడువులోపు పూర్తిగా కట్టేసేవాడికి గుంజాయిష్ ఉందనే ఉలమా కూడా ఉన్నారు. ఇఖ్తిలాఫ్ ఉంది, నేనందులో వేలు పెట్టను.

నా షికాయత్ వేరే. ఒక జమాత్ "హరామ్" అని ఒక్క మాట అని మైకు ఆపేస్తుంది. వినేవాడు ఇంటికెళ్లి కార్డు వాడుతూనే ఉంటాడు, ఎందుకంటే ఆన్‌లైన్‌లో, హోటల్ డిపాజిట్‌కి అది కావాలి. మినిమం డ్యూ అంటే ఏమిటో ఆయనకి మింబర్ మీంచి ఎవరూ చెప్పలేదు. ఇంకో జమాత్ "టైముకి కడితే చాలు" అని రుఖ్సత్ ఇచ్చేస్తుంది. ఆ రుఖ్సత్ పట్టుకుని నౌజవాన్లు ఐదు కార్డులు పెట్టుకుని, మేం ఒక్క పైసా సూద్ కట్టలేదని గర్వపడతారు. కట్టలేదు, నిజమే. కానీ పక్కవాడు కట్టిన దాంట్లోంచి తింటున్నాం కదా, దాని హుకుం ఏమిటని ఎవరైనా అడిగారా? జుమా బయాన్‌లో ఒక్క పదిహేను నిమిషాలు స్టేట్‌మెంట్ చదవడం నేర్పితే ఎన్నో ఇళ్లు బతుకుతాయి. సూద్ ఇవ్వడం, తీసుకోవడం రెండూ గునాహ్ అని చెప్పే మనం, సూద్‌లో వాటా పాయింట్ల రూపంలో వస్తే 'రివార్డ్' అని తర్జుమా చేసుకుని ఊరుకుంటున్నాం.

కర్జ్ ఎవరికి, కార్డు ఎవరికి

ఇంకో హిసాబ్ ఉంది, అది నాకు మరీ మండుతుంది. 2006లో వచ్చిన సచార్ కమిటీ రిపోర్టు తెరవండి. ముస్లింలు ఎక్కువున్న కొన్ని ఇలాకాలను కొన్ని బ్యాంకులు 'నెగెటివ్', 'రెడ్' జోన్లుగా గుర్తు పెట్టుకున్నాయని, అక్కడ లోను ఇవ్వడం మంచిది కాదనుకున్నాయని అందులో రాశారు. నేను రిపోర్టింగ్‌లో తిరిగిన మొహల్లాల్లో వెల్డింగ్ షాపువాళ్లు, జర్దోజీ కారీగర్లు ఇప్పటికీ అదే చెప్తారు. రెండు లక్షల ధందా లోనుకి పదిసార్లు తిరగాలి, జామీనుకి ఇద్దరిని తేవాలి, ఆఖర్న అడ్రస్ చూసి మేనేజర్ మొహం మారిపోతుంది. అదే వీధి కుర్రాడికి కాల్ సెంటర్లో నౌకరీ రాగానే మాల్‌లో స్టాలు పెట్టినవాడు పరిగెత్తుకొచ్చి లక్ష లిమిట్ కార్డు చేతిలో పెడతాడు.

అర్థం చూడండి. తిజారత్ చేసి పైకొస్తామంటే ఏడాదికి పది, పన్నెండు శాతం లోను ఇవ్వరు. ఫోను, బూట్లు, గోవా ట్రిప్ కొంటామంటే 45 శాతం కర్జ్ సులువుగా ఇస్తారు. వర్క్‌షాపు పెట్టడానికి మనం నమ్మదగిన వాళ్లం కాదు, ఖర్చు పెట్టడానికి మాత్రం నమ్మదగిన వాళ్లం. దీన్ని 'ప్రీ-అప్రూవ్డ్' అంటారు. ఈ ఖౌమ్‌కి కావాల్సిన అప్రూవల్ ఇంకోటి, అది ఇరవై ఏళ్లుగా ఫైళ్లలో ఉంది. ఆ మాట మీద ధర్నా చేయాల్సిన నౌజవాన్లు ఏ కార్డుకి ఏ లౌంజ్ అని బహస్ చేసుకుంటున్నారు.

"అయినా భాయ్..."

నాకు తెలుసు, ఇప్పుడు ఒకరు లేస్తారు. "నేను ఎలాగూ ఖర్చు పెడుతున్నా. ప్రతి నెలా పూర్తిగా కడుతున్నా. పాయింట్లు వదిలేస్తే బ్యాంకుకే లాభం. గరీబుకేమైనా వస్తుందా?"

రాదు. ఈ దలీల్‌లో దమ్ముంది, ఒప్పుకుంటా. మీరొక్కరు కార్డు కత్తిరిస్తే ఎవరి సూదూ తగ్గదు. కానీ మీరు వాడటం ఒక సంగతి, దాన్ని ఖాందాన్ వాట్సాప్ గ్రూపులో "ఫ్రీ ఉమ్రా ట్రిక్" అని ప్రచారం చేయడం ఇంకో సంగతి. రెఫరల్ లింకు పంపితే మీకు బోనస్ పాయింట్లు వస్తాయి. ఆ లింకు నొక్కిన పదిమందిలో జీతం ఆగిపోయే వాడెవడో, అమ్మీకి ఆపరేషన్ పడేవాడెవడో మీకు తెలియదు. మీకొచ్చిన బోనస్‌కి వాడు నాలుగేళ్లు కిస్తీ కడతాడు. ముందు ఆ లింకు ఆపండి. అది పూర్తిగా మీ ఇఖ్తియార్‌లో ఉంది.

కార్డు వాడక తప్పని వాళ్లకి, ఏది తీసుకోవాలని మళ్లీ అడిగే వాళ్లకి, నా మష్వరా ఇది. ఒకే కార్డు. సాలానా ఫీజు లేనిది. విదేశాలకి వెళ్లే పని ఉంటే ఫారెక్స్ మార్కప్ లేనిది, అలాంటివి ఇప్పుడు దేశంలో ఉన్నాయి. ఖాతాలోంచి పూర్తి బాకీ తనంతట తాను కట్ అయ్యేలా ఆటో డెబిట్ పెట్టండి, ఫారంలో 'మినిమం' దగ్గర టిక్ పెట్టి ఇస్తారేమో చూసుకోండి, 'టోటల్' అని మార్పించండి. లిమిట్‌ని మీ నెల జీతంలో సగానికి దించమని మీరే అడగండి, పెంచమని వచ్చే ఫోన్లకి సలాం చెప్పి పెట్టేయండి. మన మొహల్లా దుకాణంలో ఖాతాలోంచి యూపీఐ చేయండి, ఆయన రూపాయి ఆయనకి పూర్తిగా పోనీయండి. ఒక్క నెల పూర్తిగా కట్టలేకపోయినా, ఆ రోజు నుంచి బాకీ తీరేదాకా కార్డు అల్మారాలో అమ్మీ చీరల కింద ఉండాలి.

ఇక ఉమ్రా సంగతి. ఎగువ లెక్కలో ఆ కార్డు ఫీజు 5,900, మైలురాయి బోనస్ కోసం అనవసరంగా కొన్న ఫ్రిజ్ 40,000, ఇవి రెండూ కార్డుకి పోయేవి. వీటిని నెలకి కొంత చొప్పున పక్కన పెడితే రెండేళ్లు తిరక్కుండానే ఒకరి ప్యాకేజీకి దగ్గరికొస్తారు. ఇందులో లౌంజ్ లేదు, టియర్ లేదు, గోల్డ్ లేదు, ప్లాటినమ్ లేదు. టికెట్టు మీద ఎవరి కన్నీళ్లూ లేవు.

మన పాత దుకాణాల్లో గల్లా వెనక ఒక బోర్డు ఉండేది. తెలుగు వాళ్ల దుకాణంలో 'అరువు రేపు', మన వాళ్ల దుకాణంలో 'ఆజ్ నగద్, కల్ ఉధార్'. ఆ దుకాన్‌దార్ కనీసం తన ఎరుకలో ఉన్నవాడికి ఉధార్ ఇచ్చినా సూద్ అడిగేవాడు కాదు, తీర్చకపోతే నలుగురిలో పేరు పెట్టి పిలిచేవాడు, అంతే. ఇప్పటి దుకాణం బోర్డు తిప్పేసింది: ఆజ్ ఉధార్, కల్ సూద్, బీచ్ మే పాయింట్లు. ఏ కార్డు బెహతర్ అని ఈసారి నన్ను అడిగేముందు స్టేట్‌మెంట్ తీసి, ఫైనాన్స్ ఛార్జెస్ అన్న చోట మనసులో ఒకసారి 'సూద్' అని చదువుకోండి. ఆ గడిలో సున్నా ఉందా, మీది మంచి కార్డే. ఇంకేదైనా అంకె ఉందా, ఈ దునియాలో మీకు బెహతర్ కార్డంటూ లేదు.